పట్నమునకు మూడు త్రోవలు

తెలంగాణపు పల్లెలలో ‘పట్నము’ అనిన నొక్కటియే పట్నము. పాలమూరు రైతు కోర్టు వ్యవహారమునకు బయలుదేరినను, ఖమ్మము విద్యార్థి పరీక్షకు బయలుదేరినను, వరంగల్లు రోగి ఉస్మానియా ఆసుపత్రికి బయలుదేరినను ‘పట్నము పోవుచున్నాము’ అనియే చెప్పుదురు. ఏ పట్నమని యడుగువారు లేరు. 2014వ సంవత్సరము జూను 2వ తేదీన రాష్ట్రము రెండైన పిమ్మట కృష్ణా గోదావరీ మండలములవారికి హైదరాబాదు ముఖ్యపట్టణము కాకపోయినది. ఉమ్మడి రాజధానికి చట్టమిచ్చిన పదియేండ్ల గడువును 2024 జూనుతో తీరిపోయినది. అయినను సంక్రాంతి ముందటి రాత్రులలో బెజవాడ రాస్తాపై బారులు దీరిన బండ్లను చూచినవారికి ఆ నగరముతో వారికిగల సంబంధము తీరలేదని వేరుగ చెప్ప నక్కరలేదు.

ఈ పట్నమునకు నేడు మూడు త్రోవలు గలవు: ఇనుపదారి, రాస్తా, ఆకాశము. మూడింటి వేగమును పెరిగినది. సికింద్రాబాదు మొదలుకొని విశాఖపట్టణము వరకుగల సుమారు 700 కిలోమీటర్ల దూరమును 2023 జనవరిలో నారంభమైన వందే భారత్ బండి యెనిమిదిన్నర గంటలలో ముగించుచున్నది. విమానమున నా దూరము గంటకు కొంచె మెక్కువ. దీనికి సంతసింపనివారు లేరు. కాని పట్నమును చేరుట వేరు, పట్నములోనికి ప్రవేశించుట వేరు. మొదటిదానికి ప్రభుత్వములు కోట్లకొలది ధనమును వ్యయపరచినవి. రెండవదానిని మాత్రము ప్రయాణికుని యదృష్టమునకును, ఆటోవాని దయకును వదలివేసినవి. మేము ప్రస్తావింపదలచిన దీ రెండవ విషయమును గూర్చియే.

పూర్వపు త్రోవల మాట కొంత చెప్పవలసి యున్నది. 1591లో మహమ్మదు కులీ కుతుబ్‌షా ఈ నగరమును స్థాపించుటకు పదుమూడేండ్లు ముందుగనే, 1578లో, మూసీపై వంతెన కట్టబడెను. నేటి పురానాపూలు అదియే. నగరము పుట్టకముందే నగరమునకు దారి పుట్టినదన్న మాట. అటుపిమ్మట గోలకొండ వజ్రములును, బట్టలును బండ్లపై తూర్పునకు సాగి మచిలీబందరు రేవు చేరుచుండెడివి; టావర్నియే మొదలగు పరాసు వర్తకు లీ త్రోవను నడచి వ్రాసియుంచిరి. తరువాతి కాలమున నగరమునకు ప్రాకార మేర్పడి దర్వాజాలు లేచినవి. ఆ దర్వాజాలలో నేడు దబీరుపురా దర్వాజాయు, పురానాపూలు దర్వాజాయు మాత్రము నిలిచియున్నవి. తక్కినవి పోయినందుకు విచారించువారు చరిత్రకారులే కాని ప్రయాణికులు కారు. అయితే ఆ దర్వాజాలు నిజముగ పోయినవా? లేక పది పదియేను మైళ్ళు వెలుపలికి జరిగి, చర్లపల్లి యనియు, శంషాబాదనియు, ఎల్బీనగరమనియు, ఉప్పలనియు క్రొత్త పేళ్ళు దాల్చినవా యని మాకు సందేహము.

రైలు కథ యిట్లున్నది. బొంబాయి చెన్నపట్టణముల ఇనుపదారి 1871లో రాయచూరువద్ద కలిసిన తరువాత, దానిపైనున్న వాడీ స్టేషనునుండి సికింద్రాబాదునకు సుమారు 120 మైళ్ళ శాఖ 1874లో తెరవబడెను. ధనము నిజాము ప్రజలది. దారి చేరినచోటు మాత్రము ప్రజల నగరము కాదు. ఆంగ్లేయ సైన్యము విడిసియున్న దండుప్రదేశము. 1806లో సికందరుజా పేర వెలసిన యా కంటోన్మెంటునకు సైనికులును, సామగ్రియు వేగముగ చేరవలెననుటయే అప్పటి పాలకుల ముఖ్యావసరము. నాంపల్లి స్టేషను భవనము 1907లోను, కాచిగూడ భవనము 1916లోను గాని లేవలేదు. నేటికిని ఈ జంటనగరములకు పెద్ద స్టేషను సికింద్రాబాదే యగుటకు కారణము నూటయేబదియేండ్ల క్రిందటి సైనికాధికారుల సౌకర్యమే. పట్టా లొకసారి పడినచో నగర మా పట్టాల ననుసరించి పెరుగవలసినదే కాని, నగరము ననుసరించి పట్టాలు జరుగవు.

ఈ సందర్భమున 1883నాటి చాందా రైలు వ్యవహారమును మన పాఠకులు మరువరాదు. సికింద్రాబాదునుండి వరంగల్లుమీదుగ బెజవాడకును, ఉత్తరమున చాందాకును దారి పొడిగింపవలెనని ప్రయత్నము జరిగెను. ఇందులకై లండనులో నొక కంపెనీ యేర్పడెను. కంపెనీవారు పెట్టు మూలధనముపై నూటికి అయిదు వంతున ఇరువదియేండ్లపాటు వడ్డీ చెల్లింతుమని నిజాము ప్రభుత్వము పూచీపడవలెను. లాభము వచ్చినచో కంపెనీది; రాకున్నచో లోటు ఖజానాది. ఒప్పందపు షరతులను ప్రజలకు తెలుపుడని కోరుట కాలమున సాహసమే. హైదరాబాదు కళాశాలాధ్యక్షులగు డాక్టరు అఘోరనాథ చట్టోపాధ్యాయులును, ముల్లా అబ్దుల్ ఖయ్యూముగారును ఆ సాహసము చేసిరి. సభలు జరిపిరి, లెక్కలు చూపుమని యడిగిరి. ఫలితముగ అఘోరనాథులు రాజ్యమునుండి వెడలగొట్టబడిరి. కొన్ని యేండ్లకు మరల పిలిపింపబడిరి. సరోజినీదేవి యీయన పుత్రికయే యని చదువరు లెరుగుదురు. హైదరాబాదు రాజ్యమున హిందువులును మహమ్మదీయులును కలిసి ప్రభుత్వమును లెక్క యడిగిన ప్రథమ సందర్భములలో నిది యొకటి. ఆ లెక్క ఒక రైలుదారిని గూర్చినదగుట మనము గమనింపదగినది. దారి యెవరికొరకు, దాని వ్యయ మెవరిపై, దాని లాభ మెవరికి అను మూడు ప్రశ్నలును ఆనాడే పుట్టినవి, నేటికిని చావలేదు.

1886లో రైలు వరంగల్లును, 1889లో బెజవాడను చేరెను. కోస్తా తెలుగువారికిని, తెలంగాణపు తెలుగువారికిని మధ్య అడవులును, సుంకపు చౌకీలును తప్ప వేరేమియు లేని దినములలో ఆ దారి చేసిన మేలు సామాన్యము కాదు. 1929లో కాజీపేట బల్లార్ష మార్గము పూర్తియై ఉత్తర హిందూస్థానమునకు దగ్గరిదారి కలిగెను. 1930 ఏప్రిలులో నిజాము ప్రభుత్వము కంపెనీని కొనివేసి రైలును తన స్వాధీనము చేసికొనెను.

ఇక్కడినుండి కథ మిక్కిలి విశేషమైనది. 1932లో ఆ రైల్వే శాఖయే మోటారు బస్సులను నడుప నారంభించెను. ఆరంభమున 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. రైలు దిగినవానికి బస్సు దొరకవలెననియు, బస్సు రైలుతో పోటీపడక దానికి ప్రయాణికులను సమకూర్పవలెననియు నీ యేర్పాటు. హిందూదేశమున రాజ్యప్రభుత్వమే రాస్తా రవాణాను చేపట్టుటకు తొలి యుదాహరణములలో నిది లెక్కింపబడుచున్నది. గౌలిగూడలో విమానశాలగ రూపొందిన పెద్ద ఇనుపగుమ్మటము బస్సుల స్టేషనుగ మారెను. జనులు దానిని ‘మిసులు’ అనుచుండిరి. అది యెనుబది యేండ్లకు మించి నిలిచి 2018 జూలైలో కూలిపోయెను. 1945లో అదే రైల్వేశాఖ టాటావారితో కలిసి డక్కన్ ఎయిర్‌వేసు అను విమానసంస్థను బేగంపేటలో స్థాపించెను. అందు అధికభాగము రైల్వేవారిదే. అనగా 1945 మొదలుకొని కొన్ని యేండ్లు హైదరాబాదునకు వచ్చు రైలును, బస్సును, విమానమును నొక్క కార్యాలయపు చేతిలో నుండెను.

నిజాము పాలనను మేము పొగడుటకు కలము పట్టలేదు. ఆ రాజ్యమున నోరెత్తినవాని గతి యేమాయెనో అఘోరనాథులవారి చరిత్రమే చెప్పుచున్నది. 1948లో ప్రజలు విముక్తికై తపించుచుండ, బేగంపేట బీదరు ప్రాంతపు ఆకాశమార్గమున సిడ్నీ కాటను అను వైమానికుడు కరాచినుండి దొంగతనముగ ఆయుధములను దించిన సంగతియు మరువదగినది కాదు. కాని మంచి యేర్పాటు శత్రువు చేసినను మంచియేర్పాటే. స్వరాజ్యము వచ్చిన తరువాత నేమి జరిగినది? 1950లో రైలు కేంద్రప్రభుత్వమునకు పోయెను. 1951లో బస్సులు రైల్వేనుండి విడివడి రాష్ట్రప్రభుత్వ శాఖ యాయెను. 1953లో విమానసంస్థ జాతీయమై ఇండియన్ ఎయిర్‌లైన్సులో లీనమాయెను. ఈ మూడు మార్పులును వేర్వేరుగ చూచినచో న్యాయమైనవే. దేశమంతటికి నొక రైల్వే యుండుటను ఏ దేశభక్తుడు కాదనును? అయితే మూడేండ్లలో మూడు చేతులలో పడిన యా మూడు త్రోవలను తిరిగి కలుపు పని ఎవరిదియు కాకపోయెను. అప్పటినుండి రైలు తన స్టేషనువరకే, బస్సు తన స్టాండువరకే, విమానము తన మైదానమువరకే. ఒకదానినుండి మఱియొకదానికి పోవు నడుమ ప్రయాణికుడు ఎవరి ప్రజయో తెలియదు.

ప్రస్తుత స్థితిని చూతము. సికింద్రాబాదు స్టేషనును 700 కోట్ల రూపాయలకు పైబడిన వ్యయముతో పునర్నిర్మింప దలచి 2023 ఏప్రిలు 8న పునాదిరాయి వేసిరి. పాత ముఖద్వారము 2025 ఆరంభమున పడగొట్టబడెను. పని జరుగుచుండ బండ్లన్నియు నచట నిలుచుటకు వీలులేదు గనుక వానిలో కొన్నింటిని చర్లపల్లికి మరలించిరి. చర్లపల్లిలో నాలుగువందల కోట్లకు పైగా వెచ్చించి కట్టిన టెర్మినలు 2025 జనవరి 6న ప్రారంభోత్సవము జరుపుకొన్నది. కట్టడము ఘనముగనున్నది, విమానాశ్రయమును పోలియున్నదని చూచినవారు మెచ్చుకొనుచున్నారు. విమానాశ్రయమును పోలుటలో నొక చిక్కు కలదు. విమానమున వచ్చువానికి సాధారణముగ కారు కలదు. రైలున వచ్చువానికి మూటయు, ముసలితల్లియు, ఇద్దరు బిడ్డలును కలరు. తెల్లవారుజామున నచట దిగిన కుటుంబము ఇరుకుదారిలో ఆటోల బేరమునకు లోబడి, రైలులో బెజవాడనుండి వచ్చుటకైన ఖర్చుకంటె చర్లపల్లినుండి మెహదీపట్టణము పోవుటకు నెక్కువ చెల్లించుట మేమెరిగిన సంగతి. మెట్రో అచటికి లేదు. టెర్మినలును కట్టువారు కేంద్రమువారు. దానికి పోవు రాస్తాను వెడల్పు చేయవలసినవారు రాష్ట్రమువారు. స్టేషను పూర్తియగునప్పటికి రాస్తా పూర్తి కావలెనన్న జ్ఞానము ఇరువురిలో నెవరికో యొకరికి కలుగవలసి యుండెను.

రైలును గూర్చి మఱియొక మాట. 1917లో మహాత్ముడు మూడవ తరగతి ప్రయాణికుల దుస్థితిని గూర్చి వ్రాసెను. 1974లో మూడవ తరగతి యను పేరు తీసివేయబడెను; పేరు పోయినది గాని తరగతి పోలేదు. నేటి జనరలు పెట్టెలో నిలుచుటకైన చోటు దొరకక మరుగుదొడ్డి తలుపువద్ద కూర్చుండి రాత్రియంత గడపి పట్నము చేరువారు ఆ మూడవ తరగతి వారి మనుమలే. వందే భారత్ బండిలో ఆ పెట్టె లేదు. వేగముగల బండి వలదని మేమనము. 1974 ఫిబ్రవరి 1వ తేదీన వాల్తేరునుండి బయలుదేరిన గోదావరి ఎక్స్‌ప్రెసు అర్ధశతాబ్దమునకు పైగా ధనికునకును, పేదకును నొకే బండిలో చోటిచ్చుచున్నది. ఎవరి పెట్టె వారిదైనను అందరి బండి యొక్కటియే. క్రొత్తబండ్లు వేయునప్పు డట్టి బండ్ల సంఖ్యయు పెరుగవలె ననియే మా కోరిక.

రాస్తాల సంగతికి వచ్చినచో కలము బరువగుచున్నది. మచిలీపట్టణమునుండి బెజవాడమీదుగ హైదరాబాదు చేరి పూనాకు పోవు 65వ జాతీయరహదారియే పూర్వపు వజ్రముల బాట. హైదరాబాదునుండి బెజవాడకు సుమారు 275 కిలోమీటర్లు. 2012 నాటికి నాలుగు వరుసల రాస్తా యాయెను. పంతంగి, కొర్లపహాడు, చిల్లకల్లు అను మూడుచోట్ల సుంకము వసూలగుచున్నది. నిజాము చౌకీలను తిట్టిన మన తాతలు వీనిని చూడకపోవుటయే మేలు! 2021 ఫిబ్రవరినుండి ఫాస్టాగు నిర్బంధమైన పిదప మామూలు దినములలో నిరీక్షణము తగ్గినది. సంక్రాంతి దినములలో మాత్రము పంతంగివద్ద నిలిచిన బండ్ల వరుస చౌటుప్పల్లువైపు సాగుచునే యున్నది. నగరములోనికి వచ్చు సరికి ఎల్బీనగరమువద్ద సగము బస్సు ఖాళీయగును. దిగినవారిలో మెట్రో యెక్కువారు అదృష్టవంతులు. వరంగల్లు దారిన వచ్చువారి కంతమాత్రము సుఖమును లేదు: 2018లో నారంభమైన ఉప్పలు నారపల్లి ఎత్తువంతెన సుమారు ఆరు కిలోమీటర్లదే, 2025వ సంవత్సరము ముగియునప్పటికిని పూర్తికాలేదు. ఏడేండ్లు దుమ్మునకును, గుంతలకును ఓర్చిన యా త్రోవ ప్రజలను సహనమున మించువారు లేరు.

ఆలస్యము సహింపవచ్చును, ప్రాణహానిని సహింపజాలము. 2013 అక్టోబరు 30న బెంగుళూరునుండి హైదరాబాదు వచ్చుచున్న బస్సు పాలమూరు జిల్లా పాలెమువద్ద మంటలపాలై 45 మంది సజీవదహనమైరి. పండ్రెండేండ్ల పిమ్మట, 2025 అక్టోబరు 24న, అదే త్రోవలో కర్నూలు దాపున చిన్నటేకూరువద్ద మఱియొక బస్సు కాలి ఇరువదిమంది వరకు మరణించిరి. రెండును రాత్రి బస్సులు. రెండును శీతలయంత్రముల బస్సులు. రెండింటిలోను జనులు నిద్రలోనుండిరి. తలుపులు మూసి, అద్దములు బిగించి, తప్పించుకొను ద్వారమెచటనున్నదో ప్రయాణికునకు చెప్పకయే బస్సును గంటకు నూరు కిలోమీటర్ల వేగమున నడపుచున్న యాచారమునకు పాలెముతో నాడే అంతము కలుగవలసి యుండెను. అప్పుడు తనిఖీలు జరిగెను, కేసులు వ్రాయబడెను. పిమ్మట నన్నియు మరుగునపడెను. విమానమున ఎక్కినవానికి ద్వారములెచటనో చేతులు చాపి చూపుచున్నారు. బస్సున నలువది యేబదిమందిని ఎక్కించుకొనునప్పుడు ఆ రెండు నిమిషముల శ్రమ యేల పడరాదు?

ఈ దుర్ఘటన జరిగిన పదిదినములకే, నవంబరు 3న, చేవెళ్ళ సమీపమున కంకర లారి ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయిరి. ఆ బీజాపూరు త్రోవ కథను కొంచెము వివరింపవలెను. అప్పా కూడలినుండి మన్నెగూడవరకు సుమారు 46 కిలోమీటర్ల రాస్తాను వెడల్పు చేయవలెనని యేండ్ల క్రిందటనే నిర్ణయించిరి. కాని యా త్రోవకు నిరుప్రక్కల తొమ్మిదివందలకు పైగా మఱ్ఱిచెట్లు గలవు. తలపై గొడుగుపట్టిన ట్లుండు నా నీడలో నొకసారి నడచినవాడు వానిని నరుకుటకు చేయెత్తలేడు. చెట్లను కాపాడవలెనని కొందరు హరిత న్యాయస్థానమునకు పోయిరి. రాస్తా ఆగెను. ప్రమాదము జరిగిన మరునాడు తప్పంతయు చెట్లను ప్రేమించినవారిదే యని కొందరు కేకలు వేసిరి. ఈ వాదము మాకు సమ్మతము కాదు. చెట్లను నిలిపి, వానికి ప్రక్కగ రెండవ వరుసను వేయుటకు భూమి లేకపోలేదు. ఇంజనీర్లకు బుద్ధిబలమును తక్కువ కాలేదు. అదిగాక, ఇరుకురాస్తాపై మోయరానంత కంకర నెత్తి పరుగిడు లారిని ఆపుటకు ఏ న్యాయస్థానమును అడ్డురాలేదు. మఱ్ఱిచెట్టు బస్సుకు ఎదురు రాదు.

ఇక ఆకాశమార్గము. బేగంపేట నగరమధ్యమున నుండెను. విమానము దిగినవాడు పావుగంటలో ఇల్లు చేరుచుండెను. అది చాలనందున దక్షిణమున శంషాబాదువద్ద దాదాపు 5,500 ఎకరములలో క్రొత్త విమానాశ్రయము నిర్మించిరి. 2008 మార్చి 23న నచట విమానములు దిగ నారంభించెను. 2023–24 సంవత్సరమున రెండున్నర కోట్లమంది దానిగుండ రాకపోకలు సాగించిరి. నిర్మాణమును, నిర్వహణమును మన తెలుగువారి సంస్థ చేపట్టి దేశమునకు పేరు తెచ్చినందుకు గర్వింపవలసినదే. గర్వించు వేళ ఆ భూములు ఎవరివో జ్ఞప్తియందుంచుకొనవలెను. వానిని సేకరించిన చట్టము 1894లో ఆంగ్లేయులు మనపై విధించినది. స్వరాజ్యము వచ్చి అరువదియేండ్లు దాటిన పిదపను రైతును భూమినుండి కదల్చుటకు విక్టోరియా రాణి కాలపు చట్టమే మనకు దిక్కాయెను! విమానాశ్రయము చుట్టును, 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి వెంబడియు నెకరము ధర కోట్లకు పెరిగినప్పుడు, ఆ పెరుగుదలను అనుభవించినవారు భూమిని కోల్పోయినవారు కారు, ముందుగ సంగతి తెలిసి కొనినవారు. ఆ వలయరహదారినే 2023లో 7,380 కోట్ల రూపాయలకు ముప్పదియేండ్లపాటు ఒక సంస్థకు కౌలుకిచ్చిరి. 1883లో అఘోరనాథులు అడిగిన లెక్కలు ఇచట నడుగవచ్చునా యని మా ప్రశ్న.

విమానాశ్రయమునకు రైలు లేదు. 2009లో 11.6 కిలోమీటర్ల ఎత్తురాస్తా పీవీ నరసింహారావుగారి పేర నిర్మింపబడెను. అది కారులున్నవారి కుపకరించును. ఆర్టీసీవారి పుష్పక బస్సులు గలవు. అవి మంచివి, చాలవు. 2017 నవంబరు 29 మొదలుకొని మెట్రో నడచుచున్నది. మూడు మార్గములు కలిపి సుమారు 69 కిలోమీటర్లు. వానిలో నొక్కటియు శంషాబాదునకు పోదు. మహాత్మాగాంధీ బస్ స్టేషనునుండి ఫలకునుమాకు పోవలసిన శాఖయు మొదటి ప్రణాళికలో నుండియు కట్టబడలేదు. చార్మినారు చూడవచ్చిన పరదేశీయుడు చార్మినారునకు తప్ప అన్నిచోట్లకు మెట్రోలో పోవచ్చును. 2022 డిసెంబరు 9న రాయదుర్గమునుండి విమానాశ్రయమునకు 31 కిలోమీటర్ల మెట్రోకు పునాదిరాయి వేసిరి. మరు సంవత్సరము ప్రభుత్వము మారగనే ఆ దారి వదలి నాగోలు, చాంద్రాయణగుట్టలమీదుగ వేరొక దారి యన్నారు. ఏ దారి మేలో నిపుణులు చెప్పుదురు. రెండవ దారి పాతబస్తీకిని, పేదలకును సమీపముగ పోవునను వాదమున సారము లేకపోలేదు. అయితే ప్రభుత్వము మారినప్పుడెల్ల పునాదిరాయి మారుచుండినచో రాళ్ళకు కొరత వచ్చును గాని రైలు రాదు.

ఇంతలో కన్నులయెదుట నున్న యుపాయ మొకటి గలదు. 2003లో నారంభమైన ఎంఎంటీఎసు రైలు 2023 ఏప్రిలునుండి ఫలకునుమా దాటి ఉందానగరమువరకు పోవుచున్నది. ఉందానగరము స్టేషను విమానాశ్రయమునకు కొలది మైళ్ళలో నున్నది. పట్టాలు నిజాము కాలమువి. 1990 దశకమున మీటరు గేజినుండి బ్రాడ్ గేజికి మారినవి. ఉందానగరమునుండి విమానాశ్రయపు గుమ్మమువరకు రైలు వచ్చునప్పుడు నిలుచునట్లు అయిదారు బస్సులు నడపినచో కోట్లతో పనిలేదు. రైల్వేవారు బండ్ల సంఖ్యను పెంచవలెను, ఆర్టీసీవారు బస్సు నడపవలెను, విమానాశ్రయమువారు బస్సు నిలుచుటకు చోటీయవలెను. ముగ్గురు పెద్దమనుష్యులు ఒక్క బల్లచుట్టు ఒక్క దినము కూర్చుండవలెను. అంతియే.

ఆ బల్ల యెచట నున్నదని యడుగవచ్చును. కాగితముపై నున్నది. 2008లోనే హైదరాబాదునకు ఏకీకృత రవాణా సంస్థ నొకదానిని ప్రభుత్వ ముత్తరువుచే స్థాపించెను. రైలు, బస్సు, రాస్తా మొదలగువాని వారందరు నందు సభ్యులు. దానికి ధనముగాని, అధికారముగాని, ఆజ్ఞాపించు బలముగాని లేదు. సలహా చెప్పువారికి మన దేశమున కొరత యెన్నడును లేదు. 2025 సెప్టెంబరులో మెట్రో మొదటిదశను నిర్మించిన సంస్థనుండి రాష్ట్రప్రభుత్వమే తీసికొనుటకు అంగీకారము ప్రకటింపబడినది. ఆర్టీసీ యిదివరకే ప్రభుత్వముది. 2023 డిసెంబరు 9 మొదలుకొని స్త్రీలు దానిలో టిక్కెట్టు లేకుండ తిరుగుచున్నారు. రెండు చేతులును ఒక్క దేహమునకు వచ్చినప్పుడైనను ఒక చేయి మఱియొకదాని నెరుగవలెను. మెట్రో దిగిన స్త్రీకి బస్సు ఎదురుగ నిలిచియుండవలెను. ఒక్క టిక్కెట్టుతో చర్లపల్లినుండి మెహదీపట్టణము చేరగలుగవలెను. రైల్వేవారిని దీనిలో బంధించుటకు కేంద్రముతో ఒడంబడిక కావలెను. 1932లో ఇరువదియేడు బస్సులతో సాధ్యమైనది వేలకొలది బస్సులతో అసాధ్యమనువారి మాట మేము నమ్మము.

చివరగ భూస్వాములైన మా పాఠకుల కొక హెచ్చరిక. బాహ్యవలయము చాలదని, సుమారు 340 కిలోమీటర్ల ప్రాంతీయ వలయరహదారి తలపెట్టబడియున్నది. సంగారెడ్డినుండి గజ్వేలుమీదుగ చౌటుప్పల్లువరకుగల ఉత్తరభాగమున భూసేకరణము సాగుచున్నది. గీత ఎచట పోవునను విషయమై రైతులు రాస్తాల కెక్కుచున్నారు. ఇప్పుడు 1894 చట్టము లేదు. 2014 జనవరి 1నుండి అమలులోనున్న 2013 చట్టము కలదు. అది పల్లెలలో మార్కెట్టు ధరకు హెచ్చించిన పరిహారమును, దానికి సమానమైన యదనపు మొత్తమును, ఆక్షేపణ చెప్పుకొను హక్కును ఇచ్చుచున్నది. రిజిస్ట్రేషను కాగితములలో ధర తక్కువగ చూపించుకొనిన దురాచారము మనవారిది. పరిహార మాలెక్కపైనే వచ్చునని తెలిసికొనునప్పటికి వేళ మించిపోవుచున్నది. నోటీసు వచ్చిన దినముననే పటము తెప్పించి చూడవలెను. గడువు లోపల ఆక్షేపణను వ్రాతమూలముగ దాఖలు చేసి రసీదు పుచ్చుకొనవలెను. తమ గ్రామమున నెవరి భూమి గీతనుండి తప్పినదో, ఏల తప్పినదో కూడ అడుగవలెను.